వేనాడు దారిలో నీరు

2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న వేనాడు, పులికాట్ సరస్సులోని దీవి. వేసవిలో దాని మట్టిబాట జీపులకు అనుకూలమే. వానలకు నీరు చేరితే బాట ఏదో, బురద ఏదో తెలియదు.

తడలో మా జీపెక్కిన దీవి పెద్దాయన మొదటి పాయలో కర్రతో లోతు చూస్తూ ముందు నడిచారు. బిస్మిల్లాహ్ అంటూ ఆయన వెనుకే మెల్లగా దాటాము. రెండవ పాయలో కర్ర మూరెడు దిగబడింది. నాలుగు చక్రాలూ లాగే బండికైనా అడుగున గట్టినేల ఉండాలి కదా! ఆయన మమ్మల్ని వెనక్కు మళ్ళమన్నారు.

ఆ ఉప్పనీటితోనే వుజూ చేసి, గట్టున అస్ర్ నమాజు చేశాము. సలాం చెప్పి, కోడలికి నెలలు నిండాయంటూ పెద్దాయన చెప్పులు చేతపట్టుకొని నీటిలోకి దిగారు.