మూట విప్పి చూశాకే ప్రయాణం

సారంగాపూర్‌లోని మా ఇంట్లో గల్ఫ్ ప్రయాణానికి సామాను సర్దడం కొత్త పని కాదు. అన్నగారు వెళ్ళినప్పుడు సర్దాం, మేనమామ కొడుకులు వెళ్ళినప్పుడు సర్దాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ పని తెలియని ఇల్లు అరుదు. ఈ ఏడు మాత్రం అన్నగారి కుమారుడు షార్జాలోని ఒక పాఠశాలకు గణిత ఉపాధ్యాయుడిగా బయలుదేరాడు. సెలవు రోజుల్లో మన ప్రాంతపు కార్మికులకు ఉచితంగా అక్షరాలు నేర్పాలని, సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలుసుకునేలా చేయాలని అతని సంకల్పం. ఆ సంకల్పానికి మూలం మా ఇంట్లోనే ఉంది. అతని తండ్రి తాను చదవలేని ఒప్పందంపై వేలిముద్ర వేసి వెళ్ళి, ఇక్కడ చెప్పిన జీతంలో సగానికే రెండేళ్ళు పనిచేశారు.

"అల్లాహ్‌పై భారం వేసి వెళ్ళు బేటా, అంతా ఆయనే చూసుకుంటాడు" అని పెద్దలు దీవించారు. దీవెన మంచిదే. అయితే ప్రయాణ సామగ్రిని వెంట తీసుకువెళ్ళమన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 197వ ఆయత్‌లో ఉంది. సామగ్రిలో శ్రేష్ఠమైనది దైవభీతి అన్న మాట కూడా అక్కడే ఉంది. యెమన్ వాసులు కొందరు తాము అల్లాహ్‌ను నమ్ముకున్నవారమంటూ ఉత్తచేతులతో హజ్‌కు వచ్చి, మక్కాలో యాచించేవారనీ, ఆ సందర్భంలో ఈ ఆయత్ అవతరించిందనీ బుఖారీ గ్రంథంలోని హదీసు తెలుపుతున్నది.

కనుక ముందు డబ్బు లెక్క చూశాం. నెల మధ్యలో చేరినవారికి మొదటి జీతం వెంటనే చేతికందదు. నలభై ఐదు రోజుల తిండికి, రాకపోకలకు, ఫోనుకు సరిపడే దిర్హమ్‌లను లైసెన్సు ఉన్న మారకపు దుకాణంలోనే రసీదు తీసుకుని కొన్నాం. వాటిని ఒకేచోట పెట్టకుండా రెండు భాగాలు చేశాం. మన రూపాయలైతే దేశం దాటేటప్పుడు 25,000కు మించి వెంట ఉండరాదు. వీసా ఖర్చుల పేరిట ఎవరికీ ఏమీ చెల్లించలేదు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామకపు ఖర్చులు యజమానివే. టికెట్టుకూ, పట్టాలపై విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం వేసే ముద్రలకూ చేసిన ఖర్చు కోసం మామూ వద్ద వడ్డీ లేని అప్పు తీసుకున్నాం. మామూ నొచ్చుకున్నా, బఖరా సూరా 282వ ఆయత్ చెప్పినట్లు ఆ అప్పును ఇద్దరు సాక్షుల ఎదుట కాగితంపై వ్రాసుకున్నాం. అన్నగారు వెళ్ళినప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు కాగితమే లేదు. అది తీరిందో లేదో నేటికీ ఇరువైపులా రెండు మాటలున్నాయి.

ఒరిజినల్ పట్టాలు, ఒప్పందపు ప్రతి, పవర్ బ్యాంకు చేతిసంచిలో పెట్టాం. పచ్చడి సీసా పెద్ద పెట్టెలోకి వెళ్ళింది.

ఇక మూటల సంగతి. గల్ఫ్‌కు ఎవరు బయలుదేరినా ముందు రాత్రి ఇరుగుపొరుగు వారు తమ బిడ్డలకోసం మూటలు తెస్తారు. వాటిని అమానతు అంటాం, విప్పి చూడటం అమర్యాద అనుకుంటాం. వీధి చివరి ఖాలా దుబాయిలోని కొడుకుకు చక్కగా కుట్టిన గుడ్డమూట తెచ్చింది. విప్పుతామంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళ పొరుగు, నా మీద నమ్మకం లేదా?" అంది. మాకూ సిగ్గుగానే తోచింది. అయినా కుట్లు విప్పాం. సకినాలు, ఎండుకొబ్బరి, వాటి కింద పావుకిలో గసగసాలు. ఒక దగ్గు మందు సీసా కూడా ఉంది.

గసగసాలు మన కూరలో మసాలా, ఆ దేశంలో మాదకద్రవ్యం. వాటితో పట్టుబడి జైలుపాలైన వారున్నారు. కోడీన్ కలిసిన దగ్గు మందులకు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకు అక్కడి ప్రభుత్వ ముందస్తు అనుమతి, వైద్యుని చీటీ ఉండాలి. ఆ మూట విప్పకుండా పెట్టెలో పెట్టి ఉంటే శిక్ష పడేది మా పిల్లవాడికే. ఏముందో తెలియని మూటను మోయడం అమానతు కాదని మేము ఆమెకు నచ్చజెప్పే లోపే, ఆమె ఆ పొట్లం అందుకుని "యా అల్లాహ్! వాడు కూడా ఇవే తీసుకెళ్ళాడు మొన్న" అంటూ కూలబడింది. ఆ రాత్రే కొడుకుకు ఫోను చేయించాం. అప్పటికే వండుకుని తినేశాడట, అల్‌హమ్దులిల్లాహ్.

చందాల విషయంలోనూ పిల్లవాడిని హెచ్చరించాం. పేద కార్మికుల కోసమైనా, జకాత్ పేరిటైనా, అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం అక్కడ నేరం. పలకా బలపం సొంత జీతంలోంచే కొనాలి. శిబిరంలో పాఠం చెప్పడానికి కూడా యాజమాన్యం అనుమతి ముందే అడగాలి. జీతంలో ఇంటికి పంపేది బ్యాంకు ద్వారానే పంపాలి. ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ప్రవాసులకుండే ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్పించే పని మాత్రం మాకింకా మిగిలే ఉంది.

చివరికి కిరాణా దుకాణం తూకంపై పెట్టె పెడితే 33 కిలోలు వచ్చింది. విమానంలో అనుమతి 30. అతను నాలుగు తెలుగు వాచకాలు తీయనన్నాడు. వాళ్ళ అమ్మీ సకినాల డబ్బా తీయనంది. తండ్రి ఏమీ మాట్లాడకుండా తాను కొన్న కొత్త దుప్పటి తీసి పక్కన పెట్టారు. ఇంకా కిలో ఎక్కువే ఉంది. సకినాలు సగం మేమే తిన్నాం.