ఆట సరే, మరి భోజనం?

ఓడలరేవు బీచ్‌లో మా వాలీబాల్‌కి అన్ని పేటల కుర్రాళ్ళూ వస్తున్నారు. ఓఎన్‌జీసీ టెర్మినల్ పనుల కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు కూడా. భాష రాకపోయినా పాయింట్ దగ్గర దెబ్బలాట మామూలే!

ఈ ఆట వెనక ఒక కారణం ఉంది. 2022 మే 24న మా కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళు తగలబెట్టారు. ఆగస్టులో పేరు ఖాయమైంది. కానీ ఆ మంటల్లో ఉన్నదీ, కేసుల్లో ఇరుక్కున్నదీ ఎక్కువగా ఈ వయసు కుర్రాళ్ళే. అందుకే ఈ ఆట నడిపే మా గ్రూపు ముందు వీళ్ళ దగ్గరికే వెళ్ళింది.

కలిసి ఆడటం తేలికేనండి. ఒకరింట్లో ఒకరు అన్నం తినడమే ఇంకా కష్టంగా ఉంది. అసలు పని అక్కడే ఉందని నా నమ్మకం.

ఈ ఆదివారం ఆటయ్యాక భోజనాలు మా పేటలోనే. చేపల పులుసు. అందరూ రండి, ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురండి.