మాయింటి మల్లెపాదులు

వసంతము వచ్చెనని మనకు తెలియజేయువారు పలువురు గలరు. పంచాంగకర్త చైత్రశుద్ధ పాడ్యమినాడు వచ్చునని తిథివారములతో నిర్ణయించును. కవి కోకిలచేత కూయించి, మామిడిచేత చిగిర్పించి, మలయమారుతమును తోడుతెచ్చి ప్రవేశపెట్టును. కాలువగట్టుమీద వేపపూత రాలుట చూచి కొందఱును, దిద్దవలసిన పరీక్షకాగితముల కట్టలు బల్లపై పేరుకొనుట చూచి మావంటి బడిపంతుళ్లు కొందఱును గ్రహింతురు. మాయింట మాత్రము వసంతారంభము పుష్యమాసముననే, సంక్రాంతిముగ్గులు వాకిట చెరగకమునుపే జరుగును. ఒకనాటి యుదయమున మా అక్క పెరటిలోనికి పోయి, చేదతో నీళ్లు తోడుచున్న మమ్ము చూచి, "చాల్లే తమ్ముడూ, ఇంక పదిహేను రోజులు మల్లెపాదుల్లో చుక్క పొయ్యకండి" అని నివారించును. ఆ మాట చెవిని బడినప్పుడు శీతకాలము ముగిసినదని మాకు నమ్మకము కలుగును.

పూలమొక్కలతో పరిచయము లేనివారికి ఆ తరువాత జరుగునది క్రూరకర్మవలె తోపవచ్చును. నిక్షేపముగ నున్న పొదకు నీరు మాన్పి, ఆకు కొంత వాడిన పిదప, ఎండుపుల్లలను, అదుపుతప్పి సాగిన రెమ్మలను కత్తిరించి, మిగిలిన కొమ్మలను గుప్పిటబట్టి ఆకంతయు దూసివేయుదురు. ఆ దినములలో మా పెరడు చూచినవారు మాకు మొక్కలపై ఏదో పగ యున్నదని తలంతురు. పిమ్మట బొరిగెతో పాదు గుల్లచేసి, రెండుదినములు ఆఱనిచ్చి, బాగుగ చివికిన పశువుల యెరువును పిడికెడు వేపపిండితో కలిపి వేసి, మన్ను కప్పి, అప్పుడు నిండుగ నీరు పెట్టవలెను. మల్లె ముదురుకొమ్మను నమ్ముకొని పూయునది కాదు. క్రొత్తగ పొడమిన చివురుయొక్క కొసను మొగ్గతొడుగును. కావున ఎన్ని చివుళ్లో అన్ని గుత్తులు. నీరు మాన్పుటయు, ఆకు దూయుటయు మొక్కను నిద్రపుచ్చి మరల లేపుట కేర్పడిన యుపాయములు. మాఘము వెళ్లునప్పటికి కణుపులవద్ద పసిమిచివుళ్లు కనుపించును. ఫాల్గుణమున పొద మరల కమ్ముకొనును. ఉగాదికి దోసెడు మొగ్గలు, వైశాఖమున గంపెడు.

ఇందు కవులతో మాకొక చిన్న తగవు గలదు. లోకులు మల్లెను వసంతమున కంటగట్టుదురుగాని, మా పెరటిలో అది నిండుగ పూయునది ఎండలు మండునప్పుడే. ఈ సంగతి బాణభట్టు ఎఱుగును. హర్షచరితమున గ్రీష్మమును మహాకాలునిగ రూపించి, విరిసిన మల్లెల తెల్లదనమును ఆతని యట్టహాసముగ వర్ణించినాడు. కాళిదాసు ఋతుసంహారమున గ్రీష్మముతో నారంభించి వసంతముతో ముగించినాడు. మాకు ఆ వరుసయే నచ్చును. తోటవానికి వసంతము ఆరంభము కాదు. ఏడాది పొడుగున చేసిన చాకిరికి లెక్క తేలుకాలము. ఆంగ్లమున ఫ్రాన్సిస్ బేకను 1625వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసములలో తోటలనుగూర్చిన దొకటి గలదు. అందాతడు ఏ నెలకు ఏ పువ్వో జాబితా వ్రాసి, రాజోచితమైన తోట ముప్పది యెకరములకు తక్కువ యుండరాదని నిర్ణయించెను. మా పెరడు నూతిపళ్లెముతో గలిపి ముప్పది గజముల పొడుగుండదు. ఆ దొరగారి తోటలో బొరిగె ఎవరు పట్టిరో ఆ వ్యాసమున మాకు కనబడలేదు.

మా యున్నంతలో పండ్రెండు మల్లెపొదలును, నూతిప్రక్క పందిరిమీద సన్నజాజియు, ప్రహరివెంబడి నందివర్ధనమును, రెండు మందారములును, మరువపు కుండీయు గలవు. గులాబీలు కడియపులంక నర్సరీలనుండి తెచ్చినవి. వచ్చిన యేడు పూచి, మరుసటియేడు అలుగుట వానికి మర్యాద కాబోలు. చేమంతులు హేమంతముతో సరి. పూలుడిగిన పిదప మొదలంట కోసి, పిలకలను వేసవి యెండ తగులకుండ చాటున కాపాడుకొన్నచో మరుసటి సంవత్సరమునకు నాఱు సిద్ధము. మందారములకు పిండినల్లి పట్టును. సబ్బునీరు చల్లి, పట్టిన రెమ్మలను త్రుంచి పారవేయుట తక్క మేము వేఱుమందు వాడము. మల్లెమొగ్గ తెలుపు తప్పి ఊదారంగునకు తిరిగినచో లోపల పురుగు తొలుచుచున్నదని గుర్తు. దానిని అప్పుడే గిల్లి దూరముగ పాతిపెట్టవలెను. ఈ పని మా చిన్నమ్మాయిది. మొగ్గకు అర్ధరూపాయి చొప్పున మాయొద్ద వసూలు చేయుచుండును.

ఇక ఈ తోటకు కర్త్రి మా అక్క. ఆమెకు ఏబదిరెండేండ్లు. మా బావగారు రెవిన్యూశాఖలో గుమాస్తాగ నుండి పదునొకండేండ్ల క్రిందట గతించిరి. కుమారుడు హైదరాబాదున ఉద్యోగము చేయుచు, తనయొద్దకు రమ్మని ఏటేట పిలుచును. ఆమె పోయి నెలదినములుండి, ఎనిమిదవ యంతస్తులో కాలికి మన్ను తగులదని చెప్పి తిరిగివచ్చును. ఆమెకు కుటుంబపింఛను గలదు; ఒకరి దయమీద బ్రదుకవలసిన స్థితి ఆమెది కాదు. మా యింటనుండుట ఆమె యిష్టము, మా లాభము.

సాయంకాలము నాలుగు గంటలకు మొగ్గలు కోయుట ఆరంభమగును. విచ్చకమునుపే కోయవలెను, విచ్చినది దారమునకు నిలువదు. దీపాలవేళకు మా యరుగు నిండ వీధిలోని ఆడుపిల్లలు. అక్క అరటినార తడిపి, ఎడమచేతి రెండువ్రేళ్లకు తగిలించి, రెండుమొగ్గ లిటు రెండుమొగ్గ లటు చేర్చుచు, చేతివంక చూడకయే మాలకట్టును. ఒక్కొక్క పిల్లకు మూరెడు. తన మూరతో కొలిచి, పిల్లను బట్టి బెత్తెడు హెచ్చించును. అందఱి తలలలోను పెట్టి, మా గృహిణికి పంపి, దేవునికి విడిచి, మిగిలిన పూలు పళ్లెములో నీళ్లుచల్లి యుంచి, చేతులు కడుగుకొని లేచును. ఆమె తలలో పువ్వు లేదు. పదునొకండేండ్లనుండి లేదు.

బావగారు పోయిన పదవనాడు ఆమె అత్తవారింట జరిగినది మేము కన్నులార చూచితిమి. తలనిండ పూలుపెట్టి, చేతులనిండ గాజులు తొడిగి, బొట్టుపెట్టి కూర్చుండబెట్టి, ఆ పెట్టినవి యన్నియు పెద్దముత్తైదువులు పదిమంది యెదుట తీసివేసిరి. మేము వలదని గట్టిగనే చెప్పితిమి. ఆనాడు ఆ యింట మామాట చెల్లలేదు. వేసవికాలము. ఆ పూలు ఆమె అత్తవారింటి పెరటిలో స్వయముగ పెంచిన మల్లెలే. ఇటీవల ఒకనాడు ఆకు దూయుచుండగా మేము ఆ సంగతి తలపెట్టకున్నను ఆమె తానై, "మొక్కకి ఆకు దూసేది మళ్లీ పూయడానికిరా" అని, మరుక్షణముననే వేపపిండి తెమ్మని మమ్ము పంపెను.

చదువరులలో కొందఱు ఇవి పాతకాలపు మాటలు, ఇప్పుడెవరు పాటించుచున్నారని యడుగవచ్చును. మా వీధిలోనికి వచ్చి చూడవలెను. మొన్న మాఘమాసములో రెండిండ్ల యవతల వివాహము జరిగినది. ఆ యింటి యిల్లాలు ముందునాటి మధ్యాహ్నము మాయింటికి వచ్చి, అప్పటికి మల్లె పూతకు రాలేదు గనుక, తాము బజారున కొన్న పూలు గంపెడు తెచ్చి, "మీలాగ కట్టేవాళ్లు ఊళ్లో లేరండీ" అని పొగడి మా అక్కచేత మాలలు కట్టించుకొని పోయెను. సాయంకాలము పిలుపునకు వచ్చి మా గృహిణికి మాత్రము బొట్టుపెట్టెను. మరునాడు పెండ్లికుమార్తెను వాహన మెక్కించునప్పుడు మా అక్క మా వాకిట నీళ్లు చల్లుచుండగా, ఒకరు వచ్చి, కొంచెముసేపు లోపలికి వెళ్లుడని మర్యాదగనే చెప్పిరి. ఆమె కట్టిన మాల పెండ్లికూతురు జడలో శుభము. ఆమె ముఖము వాకిట అశుభము! మేము ఇరువదియేండ్లుగా తర్కము చెప్పుచున్నాము. ఈ యనుమానమునకు హేతువుగాని ఉదాహరణముగాని కల్పింపజాలకున్నాము. మా గృహిణి ఆ వివాహమునకు పోలేదు. ఆ పోకపోవుటను ఎవరును గుర్తించినట్లు లేదు.

మంగళసూత్రమును, మెట్టెలును భర్తతో వచ్చినవి గనుక భర్తతో పోవలెనని వాదించువారున్నారు. ఆ వాదమునే మే మొప్పము. ఒప్పినను పువ్వు మాటేమి? అది పెండ్లిపందిటిలో వచ్చినది కాదు. మూడేండ్ల ప్రాయమున, పిలకజడ నిలువనప్పుడు, తల్లి నారతో బిగించికట్టి పెట్టినది. తల్లి పెట్టినదానిని అల్లుని మరణము ఎట్లు తీసికొనిపోవును? వితంతువునకు పునర్వివాహము 1856వ సంవత్సరముననే చట్టసమ్మత మైనది. మా గోదావరితీరముననే, రాజమహేంద్రవరమున, 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. వెలివేయువారికి వెఱచి వంటవారును, నీరు మోయువారును రాక మానినప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి నీళ్లు తామే మోసి తెచ్చిరి. అంతటి ప్రళయమునకు నిలిచిన గడ్డమీద, మూరెడు పూలకొఱకు ఇంకను వాదింపవలసి వచ్చుట చూడగా, చట్టము గడపవఱకు వచ్చునుగాని అద్దము ముందఱికి రాదని తోచుచున్నది. మహారాష్ట్రలో కొల్హాపురము జిల్లాయందలి హేర్వాడ గ్రామపంచాయతి, భర్తృమరణానంతరము గాజులు పగులగొట్టుట, బొట్టు చెఱుపుట మున్నగు నాచారములు తమ యూర నడువరాదని 2022 మే నెలలో తీర్మానించినది; ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వము తక్కిన గ్రామములును ఆ మార్గమున నడువవలసినదని తెలిపినది. ఈ సంగతి మేము చదివి వినిపింపగా అక్క, "ఊరు ఊరంతా కూర్చుని చెప్పాలన్నమాట" అనెను. అది మెచ్చికోలో, ఎత్తిపొడుపో మాకు బోధపడలేదు.

ఈ యుగాదినాడు తొలిమొగ్గలు దోసెడు వచ్చినవి. ఆఱవతరగతి చదువుచున్న మా చిన్నమ్మాయి ఎవరిని అడుగక, మేనత్త పచ్చడికై మామిడికాయ తరుగుచుండగా వెనుకనుండి వచ్చి, జానెడు మాల ఆమె ముడిలో తుఱిమి, "అత్తయ్యా, కదలకు, జారిపోతుంది" అనెను. వంటయింట కొంతసేపు కత్తిపీట చప్పుడు నిలిచిపోయినది. అక్క కదలలేదు. పచ్చడి కలుపునంతవఱకును ఆ పూలు అట్లే యుండెను. పిమ్మట ఆమె తీసి, పాఱవేయక, తన పుస్తకముల బల్లపై గిన్నెలో నుంచెను. పిల్ల చిన్నబుచ్చుకొనగా, "అలవాటు తప్పిపోయిందే, మెడమీద ఎవరో చెయ్యి వేసినట్టుంది" అని నవ్వెను.

మరల పెట్టుకొమ్మని బలవంతపెట్టవలెనా, ఊరకుండవలెనా యని ఆ రాత్రి మేమును మా గృహిణియు చాలసేపు మాటలాడుకొంటిమి. పెట్టుకొనవలసినదే, ఇంటిలోనివారమే సాహసింపకున్న నెవరు సాహసింతురని మా గృహిణి పట్టుదల. మాకు మఱియొక తలంపు గలదు. పదిమంది కూడి ఆమె పువ్వు తీసినప్పుడు ఆమె నడిగినవారు లేరు. ఇప్పుడు ముగ్గురము కూడి పెట్టునప్పుడును అడుగకున్న, సంస్కారము పేర మనమును ముత్తైదువుల పంక్తిలోనే కూర్చుందుము. మాకు చేతనయినది ఒకటే: పళ్లెములో మూరెడు ఆమె పేర మిగిల్చి, దానిని దేవునికి గాని పొరుగువారికి గాని పంపక యుంచుట. ఉంచుచున్నాము. ఒక్కొక్కనాడు తెల్లవాఱునప్పటికి అది పళ్లెములోనే వాడియుండును. ఒక్కొక్కనాడు పళ్లెము ఖాళీ. మేము విచారింపము.

గతవారము ఆ పెండ్లివారింటి క్రొత్తకోడలు మాయింటికి వచ్చినది. పెండ్లినాటి సంగతు లేవియు ఎఱుగని పిల్ల. తమ పెరటిలో వేసికొనుటకు మల్లె యంటు ఒకటి యిమ్మని అడిగెను. చదువరు లెఱుగుదురు, మల్లె గింజకట్టుట అరుదు. కొమ్మను వంచి మట్టిలో అంటుతొక్కి, వేరు దిగిన పిదప తల్లినుండి కోసి యియ్యవలసినదే. ఈ దేశమున ప్రతియింటి మల్లెయు ఏదో యొక స్త్రీ మఱియొక స్త్రీకి చేతులతో నిచ్చినదే యని మా యూహ. అక్క ఆ పిల్లను వెంటబెట్టుకొని పోయి, మూడవపొదలో మంచి కొమ్మ యేరి, మధ్య కొంచెము చెక్కి, వంచి, మట్టి కప్పి, పైన ఇటుకబెడ్డ పెట్టి, "ఇది నీది. వేరు దిగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మీ అత్తగారిని తీసుకొచ్చి పట్టుకెళ్లు. మొదటిపూలు పూసిన రోజున నన్ను పేరంటానికి పిలవాలి, అదీ దీని ఖరీదు" అనెను. పిల్ల నవ్వుచు సరేయనెను. అత్తగారితో చెప్పెనో లేదో తెలియదు. అటుపిమ్మట ఆమె రెండుమార్లు మా వాకిటిమీదుగ పోవుచు, ప్రహరిగోడమీదనుండి మూడవపొదవైపు తొంగిచూచెను. ఎండలు ముదురుచున్నవి, ఆ పాదులో తడి యాఱకుండ ఉదయము రెండుచేదలు, సాయంకాలము రెండుచేదలు మేమే పోయుచున్నాము.