నీడను త్రాగెడి ఊరు

ఇటలీ దేశస్థులు రాత్రి భోజనమునకు ముందు కొంచెము చేదైన పానీయమును, దానితోబాటు ఏదో ఒక చిరుతిండిని పుచ్చుకొంటారు. ఆ వేళకును, ఆ పానీయమునకును, ఆ ఆచారమునకును కలిపి ‘అపెరితివో’ అని పేరు. లాటిను భాషలో ‘అపెరీరె’ అనగా తెరచుట. ఆకలికి తలుపు తీయునది అని తాత్పర్యము. జఠరాగ్నిని రగిల్చు పదార్థములను మన వైద్యులు ‘దీపనములు’ అన్నారు. వారు తలుపు తెరచినారు, మనవారు నిప్పు రాజవేసినారు, పని ఒక్కటే.

మా మనుమరాలు పదువా విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్నది. 1222లో నెలకొన్న ప్రాచీన విద్యాపీఠము అది. 2023 అక్టోబరు నెలలో నేనును నా భార్యయు ఆ పిల్లను చూడబోయినాము. పదువా నుండి వెనిస్ నగరము రైలులో అరగంట దూరము. అక్కడ సాయంకాలము ఒక మార్గదర్శకురాలు పదిమందిలోపు జనమును వెంటబెట్టుకొని, సందులలోని చిన్న పానశాలలు నాలుగింటిని కాలినడకన చూపి, ఆ ఊరి రుచులను పరిచయము చేయునట. మనుమరాలు మాకు కూడ చీట్లు తీసినది. మేమిద్దరమును మద్యము ముట్టని వారము; నా భార్య చేపను కూడ ముట్టదు. అట్టి దంపతులను పానశాలల యాత్రకు తీసికొనిపోవు సాహసము ఈ కాలపు పిల్లలకే చెల్లినది.

మా పూర్వులు నాయకరాజుల కాలమున మధుర సీమకు వచ్చి స్థిరపడినవారు. మా ఇంటి తెలుగు ఎటువంటిదో ఈ సంచిక చదువువారికి వివరించనక్కరలేదు. వీధిలో రసము, తయిరు, మోరు అని అడిగి, గడప దాటి లోనికి వచ్చినంతనే చారు, పెరుగు, మజ్జిగ అని మార్చుకొను కుటుంబములు మనవి. కన్నడ సీమలోనివారు వీధిలో మొసరు అనవచ్చును, ఒడిశాలోనివారు దహి అనవచ్చును. గడప మాత్రము అందరికిని ఒక్కటే.

మమ్ము కలసికొనుమన్న చోటు రియాల్తో వంతెన సమీపమున సాన్ బర్తొలొమియో అను చిన్న చౌకము. దాని నడుమ కార్లో గోల్దోనీ కంచు విగ్రహమున్నది. వెనిస్ వాసుల ఇంటి భాషలో హాస్యనాటకములు వ్రాసి ఆ భాషకు గౌరవము తెచ్చినవాడాయన. 1762లో పారిసు నగరమునకు వెళ్ళి, తన జీవితచరిత్రను ఫ్రెంచి భాషలో వ్రాసికొని, 1793లో అక్కడనే కన్నుమూసినాడు. ప్రవాసులకు ఇది ఎరుగని కథ కాదు. ఆ చౌకములోనే ఒక మందుల అంగడి కిటికీలో అంకెల పలక యొకటి వెలుగుచుండును. ఆ పాత నగరమున నేడు కాపురమున్న వారెందరో అది తెలుపును. 1951లో వారు సుమారు 1,75,000 మంది. 2022 ఆగస్టులో ఆ సంఖ్య 50,000కు దిగువకు పడిపోయినది. ఊరేమో చెక్కుచెదరలేదు, వీధులలో ఇసుక వేసిన రాలనంత జనము. కాని ఆ జనము సాయంకాలమునకు రైలెక్కి వెళ్ళిపోవువారు. ఇండ్లు యాత్రికుల బసలుగా మారగా, ఊరివారు ఎదుటి భూభాగమునకు తరలిపోయినారు. మార్గదర్శకురాలు ఏబదియేండ్ల వయసు స్త్రీ, ఆ ఊరి ఆడబడుచు. పలకను చూపి, “ప్రతిదినము దీనిని చూచి నేనింకను లెక్కలో ఉన్నానని నిశ్చయపరచుకొందును” అని నవ్వినది.

తెలుగును తూర్పు దేశపు ఇటాలియను అనుట మనకు ఇంపైన మాట. 15వ శతాబ్దమున విజయనగరమును దర్శించిన నికొలో కోంతి పేరుతో ఈ మాట ప్రచారములో ఉన్నది. ఆయన ఈ వెనిస్ ఉప్పుకయ్యల దక్షిణపు కొనయందలి కియొజ్జా పట్టణమువాడు. పదములు అచ్చులతో ముగియుటయే ఈ పోలికకు మూలము. నేను ఈ సంగతిని కొంత గర్వముతో మనుమరాలి ద్వారా ఆమెకు చెప్పించినాను. ఆమె తల అడ్డముగా ఊపినది. అచ్చుతో ముగియునది బడిలో నేర్పు ఇటాలియను అట. వెనిస్‌వారు తమలో తాము మాటాడుకొనునపుడు ద్రాక్షాసవమును ‘వీనో’ అనక ‘విన్’ అందురు, రొట్టెను ‘పానె’ అనక ‘పాన్’ అందురు. నా పోలిక అక్కడితో ముగిసినది. సంభాషణ మాత్రము అక్కడనే మొదలైనది.

ఆ చౌకమునకు దగ్గరలోనే మార్కో పోలో కుటుంబము నివసించిన స్థలమున్నది. నేడది ‘మిలియోను వాకిలి’ అను పేరుగల ఇరుకు ముంగిలి. మోటుపల్లి రేవున నేయు బట్ట సాలెగూడువలె సన్నమని ఆయన తన గ్రంథమున చెప్పినాడు, ఆ దేశమును ఏలిన రాణిని వేనోళ్ళ పొగడినాడు. ఆమె మన రుద్రమదేవియే యని చరిత్రకారుల నిర్ణయము. నా భార్య అక్కడి గోడను ఒకసారి చేతితో తాకి చూచినది. ఎందులకని నేనడుగలేదు.

1591లో పూర్తియైన రియాల్తో రాతి వంతెనను దాటినచో కూరగాయల సంత, చేపల సంత. ఆ వేళకు అవి కట్టివేసినారు; రాతిపలకలు కడిగి తడిగా ఉన్నవి. వాటి వెనుక సందులలో ‘బాకరో’లున్నవి. బాకరో అనగా పానశాలయే గాని, ఆ మాటకు మన మనస్సున మెదలు చిత్రము దీనికి చెల్లదు. పదిమంది నిలువలేని గది, పైకప్పునకు వ్రేలాడు రాగి పాత్రలు, ఒక పొడుగాటి బల్ల, దానిపై గాజు పెట్టెలో వరుసలుగా చిరుతిండ్లు. కూర్చుండుటకు ఆసనములు లేవు. తల్లులు పిల్లలను ఎత్తుకొని వచ్చినారు, ముసలివారు కఱ్ఱ గోడకు చేర్చి నిలిచినారు. కాఫీ క్లబ్బు గుమ్మమున నిలుచుండి లోటా చల్లార్చుకొను మన పెద్దలను తలచుకొన్నచో ఆ దృశ్యము సరిగా కనిపించును.

అక్కడ చిన్న గ్లాసెడు ద్రాక్షాసవమునకు ‘ఓంబ్ర’ అని పేరు. ఓంబ్ర అనగా నీడ. పూర్వము సాన్ మార్కో చౌకమున ఆసవము అమ్మువారు, సరకు వేడెక్కకుండుటకై గంటాస్తంభపు నీడ ఎటు జరిగిన అటు తమ బండ్లను జరుపుకొనెడివారట. “నీడ త్రాగుదము రమ్ము” అను పలుకు అట్లు పుట్టినదని చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను, మండుటెండల దేశమునుండి వచ్చిన నాకు అది వెంటనే నచ్చినది.

‘స్ప్రిట్స్’ అనునది మరియొక పానీయము. 1866 వరకు వెనిస్ ఆస్ట్రియా పాలనలో ఉండెను. ఆ సిపాయిలకు అక్కడి ఆసవము ఘాటై, నీళ్ళు చిలుకరించుమని అడిగెడివారు. జర్మను భాషలో చిలుకరించుట అను మాటయే పానీయమునకు పేరైనది. తరువాత అందులో చేదు కషాయములు చేరినవి. పదువాలో 1919న పుట్టిన నారింజవన్నె అపెరోల్ ఒకటి, వెనిస్‌లోనే 1920న పుట్టిన ఎఱ్ఱని సెలెక్త్ ఒకటి. మనుమరాలు మా కొఱకు మద్యము లేని ‘క్రొదీనో’ అను చేదు పానీయమును తెప్పించినది. నా భార్య ఒక గుటక మ్రింగి, కన్నులు మూసికొని, “ఇది చక్కెరేసిన వేపపువ్వు చారే గదా!” అన్నది. మనుమరాలు పకపక నవ్వి, దానిని ఇటాలియనులో చెప్పబోయి, ‘చారు’ అను మాటకు ఆగిపోయినది. ఆ అమ్మాయి నోట ఆ మాట నేను విని ఎంత కాలమైనదో!

చిరుతిండ్లకు ‘చిక్కెత్తి’ అని పేరు. వానిలో ముఖ్యమైనది ‘బక్కలా’ అను ఎండుచేప. 1431లో పియెత్రో క్వెరీని అను వర్తకుని ఓడ తుఫానుకు చిక్కి విరిగినది. మిగిలినవారు పడవలో కొట్టుకొనిపోయి నార్వే దేశపు రోస్త్ ద్వీపమున ఒడ్డున పడినారు. ఉప్పైనను వేయక చలిగాలికి ఎండగట్టిన చేపను అక్కడివారు తినుట చూచి, క్వెరీని ఆ విద్యను స్వదేశమునకు తెచ్చినాడు. వెనిస్‌వారు ఆ చేపను నానబెట్టి, ఉడికించి, నూనె పోయుచు వెన్నవలె అగువరకు చిలుకుదురు. నేను తిన్నాను; మా కోస్తా బంధువులు చూచినచో ఎండుచేపకు ఇంత వైభవమా యని ఆశ్చర్యపడుదురు.

ఆ చేపను పరచిన అట్టవంటి ముక్కయే ఆనాటి అసలు సంఘటనకు కారణమైనది. మొక్కజొన్న పిండిని ఎసటిలో పోసి, కఱ్ఱతో ఉండలు కట్టకుండ కెలికి, దింపి, చల్లార్చి, కోసి, పెనముపై కాల్చినారు. దాని పేరు ‘పొలెంతా’. మొక్కజొన్న అమెరికా ఖండమునుండి వచ్చినది మొదలు శతాబ్దములు ఆ ప్రాంతపు బీదల కడుపు నింపినది ఇదియే. చేప లేని ముక్కను నా భార్యకు అందించుచు మనుమరాలు, “అవ్వా, ఇది సంగటి!” అన్నది.

“సంగటే! కోస్తే ఎట్ల నిలిచిందో చూడు. మనదైతే చేతికంటుకుంటుంది” అని అవ్వ మెచ్చుకొన్నది.

మార్గదర్శకురాలు ఆ మాటను పట్టుకొన్నది. అది ఏ భాష? ఇంటి భాషయా, ఊరి భాషయా? మనుమరాలు చెప్పినది: ఇంట తెలుగు, ఊరంతయు తమిళము, బడిలో ఇంగ్లీషు. “మాకును అంతే” అన్నది ఆమె. అచటినుండి కాలువ దాటుటకు ‘త్రగెత్తో’ అను రేవుపడవ ఎక్కినాము. ఇద్దరు పడవవారు తెడ్డు వేయుచుండ జనము నిలుచుండియే దాటుదురు. ఆ ఊగిసలాటలో ఆమె తన సంగతి చెప్పినది. తండ్రితో వెనిస్ భాష, కొడుకుతో ఇటాలియను. కొడుకు ఎదుటి భూభాగమున మేస్త్రెలో కాపురము. తల్లి మాట అర్థమగును, బదులు మాత్రము ఇటాలియనులో. 2007లో ఆ ప్రాంతపు శాసనసభ ఈ భాషను గుర్తించుచు చట్టము చేసినది. అయినను కొడుకు నోట మిగిలినవి ఓంబ్ర, స్ప్రిట్స్, చిక్కెత్తి మొదలగు మాటలేనట.

“నీ పిల్లలతో నీవు ఏ భాష మాటాడెదవు?” అని ఆమె మనుమరాలిని అడిగినది.

ఆ పిల్ల జవాబు చెప్పలేదు. పడవ ఒడ్డు చేరువరకు నీళ్ళను చూచినది. అవ్వకు ఫోనులో వ్రాయు తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాయు పిల్ల అది. తప్పు ఆమెది కాదు. మనలో తెలుగు లిపి ఎరిగిన పిల్లలెందరు?

ఇచ్చట నాకు తోచినది చెప్పవలెను. మన సంఘముల ఉగాది సభలలో ఉపన్యాసములు తెలుగులో జరుగును, పద్యములు తెలుగులో చదువుదురు, సంచికలు తెలుగులో అచ్చగును. పిదప భోజనమునకు లేచినంతనే, “రసము ఇటు, మోరు అటు” అని వడ్డన సాగును. పిల్లలు ఉపన్యాసమునకు రారు, భోజనమునకు వత్తురు. వచ్చిన చోటనే మనము వారికి మాట ఇచ్చుట మానుకొన్నాము. ఆ బాకరో బల్లయొద్ద ఎవడును ఉపన్యాసమిచ్చుట లేదు; అయినను మాట నోటిలో పడుచున్నది, తిండితో కలిసి పడుచున్నది.

నేనీ అభిప్రాయమును మార్గదర్శకురాలికి చెప్పించగా, ఆమె సంతోషించి కూడ పూర్తిగా ఒప్పుకొనలేదు. మేము చూచిన మొదటి మూడు అంగళ్ళలో ఆ మాటలు పలుకువారెవరు? యాత్రికులు. ఓంబ్ర ఒకటి ఇమ్మని అడుగుటకు నేర్చుకొని, మరునాడు మరచిపోవువారు. మాట అమ్ముడుపోవుచున్నదే గాని వంశము నిలుచుటలేదన్నది. అది కూడ నిజమే.

నాలుగవది కన్నరెజ్యో పేటలో మిజెరికోర్దియా కాలువ గట్టున ఉన్నది. అక్కడ ముసలివారు నలుగురు ఏదో కయ్యమాడుచు త్రాగుచుండిరి. మనుమరాలు చెవియొగ్గి, “తాతా, సగమే అర్థమవుతుంది” అన్నది. అచట నా భార్య ‘సావోర్’ అను వంటకమును చూచినది. వేయించిన చేపను, పులికాడిలో మగ్గిన ఉల్లిపాయలను, ఎండుద్రాక్షను, చిలగోజా పప్పును పొరలుగా పేర్చి ఊరవేయుదురు. ఓడలపై చెడకుండుటకై పుట్టినది. ‘సావోర్’ అనగా రుచి. చేపకు మారుగా వంకాయతో కూడ చేయుదురని బల్ల వెనుకనున్న స్త్రీ చెప్పగా, నా భార్య పాళ్ళు అడిగినది. ఇటాలియను, తెలుగు, చేతుల సంజ్ఞలు కలిసి ఆ పాఠము పావుగంట సాగినది. పులికాడి ఎంత, ఉల్లి ఎంతసేపు మగ్గవలె, ఎన్ని దినములు ఊరవలె అనుచోట్ల మనుమరాలికి తెలుగు మాటలు చాలక, అవ్వనే అడిగి తెలిసికొనవలసివచ్చినది. మగ్గుట, ఊరుట, ఇగురుట అను మూడింటికి భేదమేమి యని తిరుగు రైలులో పదువా వరకు అడుగుచునే ఉన్నది.

మేము మదురకు తిరిగివచ్చిన నెలకు ఆ పిల్ల తన గదిలో పొలెంతా వండి ఛాయాచిత్రము పంపినది. క్రింద తెలుగు లిపిలో ‘సంగాటి’ అని వ్రాసినది. నా భార్య ఆ దీర్ఘమును గమనించలేదు. సంగటి అడుగంటినదని మాత్రము కనిపెట్టి, మంట తగ్గించి కెలుకుమని నా చేత జవాబు వ్రాయించినది.