పడవెక్కిన పులిహోర

ప్రయాణం అనుకోగానే మగవాళ్ళు టైంటేబిలు తీస్తారు. పిల్లలు కిటికీ పక్క సీటుకోసం దెబ్బలాడుకుంటారు. ఆడవాళ్ళు మాత్రం చింతపండు నానబోస్తారు. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిచేల మధ్య, మిరప కళ్ళాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు కదలాలంటే ముందు పొయ్యి వెలగాలి. పులిహోర గిన్నె మూత బిగిస్తే గాని ప్రయాణం ఖాయమైనట్టు కాదు.

రైలూ బస్సూ అయితే కాస్త నయం. ఏ స్టేషన్లోనో ఓ ఇడ్లీ పొట్లం దొరుకుతుంది. నీళ్ళమీద ప్రయాణం అలా కాదు. మధ్యలో దిగి కొనుక్కునేందుకు అంగడి ఉండదు, కాలక్షేపానికి వీధి అరుగు ఉండదు. ఉన్నదే తినాలి, ఉన్నవాళ్ళతోనే పొద్దుపుచ్చాలి. అంచేత పడవలో ఏం తిన్నారు, ఏం ఆడుకున్నారు అని అడిగితే చాలు, ఆ కాలపు సంసారం గుట్టంతా బయటపడుతుంది. మా ఇంట్లో మూడు తరాల ముచ్చట చెబుతాను, వినండి.

మా అమ్మమ్మ పుట్టిల్లు చీరాల దగ్గర కాలువగట్టు ఊరు. దుగ్గిరాల వైపునుంచి వచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. అక్కణ్ణుంచి సముద్రం అంచునే మద్రాసుదాకా పడవ దారి ఉండేది. 1876-78 కరువులో పొట్ట చేతబట్టుకొచ్చిన కూలీలచేత మద్రాసులో కొంత భాగం తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారట. అమ్మమ్మ చిన్నతనంలో ఆ కాలువల్లో ఉప్పు, ధాన్యం, కట్టెలతోబాటు మనుషులూ ప్రయాణం చేసేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ, అదీ కాకపోతే గట్టుమీద నడుస్తూ తాడుతో లాగడం.

పడవలో తిండి అంటే చద్దన్నం, మాగాయ, ఉల్లిపాయ, ఊరమిరపకాయలు. రాత్రి పడవ కట్టేసిన చోట అమ్మమ్మవాళ్ళమ్మ గట్టుమీద మూడు రాళ్ళు పెట్టి, కట్టెలు ఏరుకొచ్చి అన్నం వండేదట. కాలక్షేపానికి చింతపిక్కలతో వామనగుంటలు, బల్లమీద సుద్దతో గీసిన అష్టాచెమ్మా, పడవవాళ్ళ తత్వాలు. ‘‘వెన్నెట్లో ఆ కాలువ ఎంత బాగుండేదో’’ అనేది అమ్మమ్మ. ‘‘మీ అమ్మక్కూడా నచ్చేదా?’’ అని అడిగానోసారి. ‘‘ఆవిడ ఎప్పుడు చూసిందే? పొగలో కళ్ళు తుడుచుకోవడమే సరిపోయేది’’ అంది.

సముద్రాలమీద పోయే పెద్ద ఓడల్లో అప్పట్లో రెండు లోకాలుండేవి. పైతరగతివాళ్ళకి గంట కొడితే భోజనం. ఎవరి బల్ల వాళ్ళదే, రాత్రి విందుకి సూటూ బూటూ ఉండాల్సిందే. పొద్దున్న పదకొండింటికి డెక్కుమీద వాలుకుర్చీల్లో కూచున్నవాళ్ళకి వేడి వేడి మాంసపు చారు తెచ్చిచ్చేవారు. తాడు చక్రాలు విసరడం, కర్రతో బిళ్ళలు నెట్టడం వాళ్ళ ఆటలు. కింది తరగతి వాళ్ళకి మాత్రం డెక్కే ఇల్లు, చాపే పరుపు. 1926లో కట్టిన రజులా ఓడ మద్రాసునుంచి పెనాంగు, సింగపూరులకి 1973 దాకా తిరిగింది. వేలమంది అందులో అలాగే వెళ్ళారు, మనవాళ్ళూ వెళ్ళారు.

చేతిలో డబ్బున్నా సరే, ఇంటి పొట్లం తప్పని వాళ్ళూ ఉన్నారు. 1888 సెప్టెంబరులో బొంబాయిలో ఓడెక్కి బారిస్టరు చదువుకి బయల్దేరిన గాంధీగారు భోజనాల బల్లకే వెళ్ళలేదు. చెంచాలూ ఫోర్కులూ వాడడం రాదు, ఏ కూరలో మాంసముందో అడగాలంటే సిగ్గు. ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళతోనే తన గదిలో గడిపానని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు ఆయనకంటే ముందు ఆ మిఠాయిలు చుట్టిన చేతులు గుర్తొస్తాయి. ఆ చేతులు ఏ సముద్రం చూశాయి గనక!

ఇక మా అమ్మ తరం. సాగరు కుడికాలువ నీళ్ళు మా పల్లెలకి పంటలు తెచ్చాయి. 1955లో నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళతోనే మా నాన్నగారు మిరప వేశారు, ఆ మిరప డబ్బులతోనే 1989లో మా ఇంటిల్లిపాదీ సాగరు యాత్ర పెట్టుకున్నాం. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే నాగార్జునకొండ దాదాపు గంట ప్రయాణం. ఆ లోయంతా నీళ్ళ కిందికి వెళ్ళబోతుంటే, తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలని కొండమీదికి చేర్చి మ్యూజియం కట్టారు.

అమ్మ, పిన్ని, మేనత్త రాత్రి రెండింటికి లేచారు. పులిహోర ఒక గంగాళం, దద్దోజనం ఒక గంగాళం, చేగోడీలు, అరిసెలు, పండుమిరపకాయ పచ్చడి, అడ్డాకుల కట్ట. లాంచీ కదిలిందో లేదో బాబాయి ‘‘ఆకలేస్తోంది వదినా’’ అన్నారు. మేం అంత్యాక్షరి పాడుకుంటున్నాం. మామయ్యలు పేకలు తీశారు. ‘‘అదిగో కొండ! అదిగో కొండ!’’ అని అందరం ఒక్కసారి అరిచాం. అమ్మ తలెత్తలేదు. గంగాళం మీదికి వంగి, ఎవరి ఆకులో జీడిపప్పు పడలేదో చూస్తోంది. నీళ్ళకి వీపు పెట్టి వెళ్ళింది, నీళ్ళకి వీపు పెట్టే తిరిగొచ్చింది. ఇంటికొచ్చాక ‘‘సాగరు ఎలా ఉంది వదినా?’’ అని పక్కింటావిడ అడిగితే, ‘‘పులిహోరలో ఉప్పు ఓ రవ్వ తగ్గింది’’ అంది. అందరూ నవ్వారు. ఇప్పుడు తల్చుకుంటే నాకు నవ్వు రాదు.

నా వంతు వచ్చేసరికి రోజులు మారాయి. 2012లో రాజమండ్రి వైపునుంచి పాపికొండలు వెళ్ళాం. టిక్కెట్టులోనే ఉపాహారం, భోజనం, సాయంత్రం కాఫీ! మా లేడీసుకి ఎంత సంబరమో చెప్పలేను. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతి చేతిసంచీలోనూ ఓ జంతికల డబ్బా ఉంది. బోటులో మైకు పట్టుకున్న కుర్రాడు ముందు రాముడి కథ చెప్పాడు, తర్వాత సినిమా పాటలు పెట్టి అందర్నీ డాన్సుకి పిలిచాడు. యాభై దాటిన ఓ పెద్దావిడ కొంగు బిగించి నాలుగడుగులు వేసింది. వాళ్ళాయన నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. గోదావరిని నేను కళ్ళారా చూసిన రోజది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పాటలూ భోజనాలూ పెరిగినంత వేగంగా జాగ్రత్త పెరగలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్నో ఇళ్ళు చీకటయ్యాయి. పడవెక్కేటప్పుడు మెనూ కంటే ముందు లైఫ్ జాకెట్ అడగడం ఆడవాళ్ళం నేర్చుకోవాల్సిన కొత్త అలవాటు.

విదేశీ విహార నౌకల్లోనూ ఈ మధ్య కాలంలో అంతా తారుమారైంది. ఒకప్పుడు అర్ధరాత్రి విందు వాటి గొప్ప. మంచుగడ్డతో చెక్కిన హంసల మధ్య తినడానికి నిద్ర మానుకుని లేచేవారట. చాలా ఓడల్లో అది పోయింది. గంట కొడితే అందరూ ఒక్కసారి తినే పద్ధతీ సడలింది. 2000 ప్రాంతంలో ఒక నార్వే పేరుగల కంపెనీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎవరి పక్కన కావాలంటే వాళ్ళ పక్కన కూచుని తినండంది. మిగతావాళ్ళూ ఆ దారే పట్టారు. ప్రత్యేకమైన హోటల్లో తింటే మాత్రం వేరే బిల్లు. ఆటల సంగతి మరీ చిత్రం. 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ది సీస్ అనే ఓడలో మంచుమీద జారే రింకూ, ఎక్కడానికి కొండగోడా కట్టారు! సముద్రం చూడ్డానికి బయల్దేరినవాళ్ళకి సముద్రం మరిపించడానికి ఎంత ఖర్చో!

2022 జూన్‌లో మన విశాఖనుంచి కూడా ఓ విహార నౌక బయల్దేరింది. కార్డీలియా వారి ఎంప్రెస్. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలై, ఊళ్ళూ పేర్లూ మారి మన తీరానికొచ్చిన ఓడ. మావారికి పని పడింది గనక, ఆ ఏడే అమ్మని తీసుకుని నేనెక్కాను. అమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళనొప్పులు. వద్దన్నా వినకుండా గోంగూర పచ్చడి సీసా సర్దింది.

ఈత కొలను, నాటకశాల, డాన్సులు, జూదశాల, అన్నీ ఉన్నాయి. దక్షిణాదీ, ఉత్తరాదీ, జైనుల భోజనం కూడా. అమ్మ పళ్ళెం పట్టుకుని బల్లల చుట్టూ తిరిగి, ‘‘సాంబారులో తీపి ఎక్కువైంది’’ అని తీర్పిచ్చింది. తిన్నాక అలవాటుగా పళ్ళేలు ఎత్తబోతే, కుర్రాడొకడు పరుగున వచ్చి అందుకున్నాడు. ఆవిడ చేతులు కాసేపు ఒళ్ళో ఏం చెయ్యాలో తెలియనట్టు ఉండిపోయాయి. తర్వాత లేచి, అద్దం దగ్గరికి కుర్చీ జరుపుకుని కూచుంది. రెండు గంటలు కూచుంది. నేను పలకరించలేదు.

‘‘అమ్మాయ్, ఇంతమందికీ వండేవాళ్ళు ఎక్కడుంటారే?’’ అంది చివరికి. ఆ కుర్రాణ్ణే అడిగితే, వంటిల్లు కింద ఉందనీ, ఇంటికెళ్ళి నెలలైందనీ చెప్పాడు. ‘‘కిటికీలుంటాయా నాయనా?’’ అంది అమ్మ. వాడు నవ్వి ఊరుకున్నాడు. గోంగూర సీసా వాడి చేతిలో పెట్టింది.

చద్దన్నం పోయి పులిహోర వచ్చింది, పులిహోర పోయి నలభై రకాల బల్ల వచ్చింది. అష్టాచెమ్మా పోయి డాన్సు వచ్చింది. ఇవన్నీ మార్పులే, కాదనను. కాని నేను మాత్రం ఒకే ఒక్క లెక్క చూస్తాను. అందరూ ‘‘అదిగో కొండ’’ అన్నప్పుడు తలెత్తడానికి వీల్లేని మనిషి ఇంకా ఎవరున్నారు? మా అమ్మ వీపు ఇటు తిరగడానికి ముప్పై మూడేళ్ళు పట్టింది. కింద వంటింటివాళ్ళ సంగతి ఓడలవాళ్ళు ఎప్పటికి ఆలోచిస్తారో మనకి తెలీదు గాని, ఇంటి సంగతి మన చేతిలోదే. ఈ ఏడు మీ ఇంట్లో సాగరు ప్రయాణం తలపెడితే, టిక్కెట్లు కొనేముందు ఒక్కమాట తేల్చుకోండి. చింతపండు ఎవరు నానబోస్తారు?