ద్రష్ట, దృశ్యము, ద్రవ్యము

రాజమహేంద్రవరంలో ఒక ప్రభుత్వ కార్యాలయ గుమాస్తా ఇరవై సంవత్సరాలుగా ప్రాతఃకాలంలో గోదావరీ తీరానికి వెళ్ళి ఛాయాచిత్రాలు తీస్తూ ఉండేవాడు. అది ఆయనకు వృత్తి కాదు, ప్రవృత్తి. ఫలాపేక్ష లేని ఆ కర్మలో ఉపాసన ఛాయ ఉన్నదని ఎరిగినవారు అనేవారు. అందులో కొంత అతిశయోక్తి లేకపోలేదు. మంచి చిత్రం పడితే నలుగురికీ చూపాలన్న తహతహ ఆయనకూ ఉండేది.

కుమార్తెకు ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశం లభించిన సంవత్సరం రుసుముకు లక్షా పదివేల రూపాయలు తక్కువపడ్డాయి. "ఇన్ని ఫోటోలు తీశారు కదండీ, ఒక్కటైనా పది రూపాయలు తెచ్చిందా?" అని ధర్మపత్ని అడిగింది. ఆ ప్రశ్నలో పరిహాసం లేదు. అర్థము పురుషార్థాలలో ఒకటి. గృహస్థుకు ధర్మబద్ధమైన ఆర్జన విహితకర్మ. ఆమెను నిందించే అధికారం ఎవరికీ లేదు.

ఆయనకు స్ఫూర్తి లాలా దీన్‌దయాళ్. ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టిన ఆ మహాశయుడు, తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, రాజా బిరుదు పొందాడు. గుమాస్తాకు నిజాం లేడు, అంతర్జాలం ఉన్నది.

చిత్రాలను విక్రయించే విదేశీ సంస్థలకు ఆయన తన చిత్రాలు పంపసాగాడు. అక్కడ అమ్ముడయ్యేది చిత్రం కాదు, దానిని వాడుకొనే అనుమతి. ఒకే చిత్రాన్ని వందమంది వాడుకోవచ్చు. తీసినవానికి వాడకానికి ఇన్ని సెంట్లని ముడుతుంది. నిర్ణీత మొత్తం పోగయ్యేదాకా అదీ చేతికి రాదు. పంపిన ప్రతి చిత్రానికీ పదుల కొద్దీ ఆంగ్లపదాలు తగిలించాలి. ఫోకస్ తప్పినదని కొన్ని, చీకటిలో నలుసులు పడ్డాయని కొన్ని తిరిగివచ్చేవి. ఎనిమిది నెలలకు చేరినది పదకొండు డాలర్లు.

ఆదాయం స్వల్పమైనందుకు ఆయన అంతగా కుంగలేదు. కుంగదీసినది వేరు. చూపు రూపాన్ని చూస్తుందనీ, ఆ చూపును మనస్సు, మనస్సును సాక్షి చూస్తాయనీ వేదాంతం చెబుతుంది. ఆయన చూపుకూ మనస్సుకూ నడుమ ఇప్పుడు ముక్కూముఖం తెలియని కొనుగోలుదారుడు వచ్చి కూర్చున్నాడు. నీటిపై దీపం కదులుతుంటే "ఎడమవైపు అక్షరాలకు చోటు వదలాలి" అన్న ఆలోచనే ముందు వచ్చేది. సూర్యోదయం అయిపోయేది, దానిని ఆయన చూసి ఉండేవాడు కాదు.

కార్తికమాసంలో ఒకనాడు, అరటిదొప్పలో దీపం వదులుతున్న ఒక వృద్ధురాలి ముఖంపై ఆ వెలుగు పడిన క్షణం కెమెరాకు చిక్కింది. ఇరవై ఏళ్ళలో అటువంటి చిత్రం పడలేదు. కాని ముఖం గుర్తుపట్టేలా ఉంటే వాణిజ్య వినియోగానికి ఆమె సంతకం కావాలి. కాగితం పట్టుకొని ఆయన మరునాడు ఘట్టానికి వెళ్ళాడు.

"ఎందుకు బాబూ ఈ కాగితం?"

"ఫోటో అమ్ముకోవడానికి మామ్మగారూ."

"ఎవరు కొంటారు? దేనికి?"

ఆయన వద్ద సమాధానం లేదు. బీమా ప్రకటనకో, మోకాళ్ళ నొప్పుల మందుకో, వృద్ధాశ్రమానికో వాడవచ్చు. ఆయనను ఎవరూ అడగరు. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. సత్యం చెప్పడం వల్ల సంతకం పోతుందని తెలిసే చెప్పాడు.

"దీపం ఎవరమ్ముకుంటే నాకేమిటి నాయనా, అది గంగమ్మది. నా మొహం మాత్రం వద్దు."

ముఖాన్ని తొలగించి, చేతులనూ దీపాన్నీ మాత్రమే పంపాడు. అది రెండు పర్యాయాలు అమ్ముడయింది. కళాశాల రుసుముకు చివరకు బ్యాంకు విద్యారుణం తీసుకొన్నారు. వాయిదాల కోసం ఆయన ఆదివారాలు ఉపనయనాలకూ గృహప్రవేశాలకూ ఫోటోలు తీస్తున్నాడు. ఆ డబ్బులో సందిగ్ధం లేదు. అడిగినవారు ఎదురుగా ఉంటారు, పుచ్చుకొనేవాడూ ఎదురుగా ఉంటాడు.

పౌర్ణమినాడు ముఖంతో కూడిన పూర్తి చిత్రాన్ని అచ్చువేయించి ఆయన మామ్మగారికి ఇచ్చాడు. ఆమె దానిని దూరంగా పట్టుకొని చాలాసేపు చూసింది. "మా ఆయన పోయాక నేను ఫోటో దిగలేదు. ఎంతివ్వాలి బాబూ?" అన్నది. ఏమీ వద్దన్నాడు. ఆమె వినలేదు, నివేదన చేసిన అరటిపళ్ళలో రెండు తీసి, కెమెరా సంచిలో తానే పెట్టింది.