ముందు గదికి ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు



మా ముందు గదికి వేసిన రంగుల గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. కొందరు మొహమాటంగా నవ్వి ఊరుకున్నారు. ఒక పెద్దమ్మ మాత్రం సూటిగా, “గుహ లెక్క చేసిండ్రు గదా అయ్యగారూ” అన్నది. చిన్న గదికి తెల్ల రంగే వేయాలని, అప్పుడే పెద్దగా కనిపిస్తుందని అందరూ అనే మాటే. మేము, అంటే అమ్మగారూ మేమూ, ఆ మాట కాదనలేదు. కానీ ఆ గది పెద్దగా కనిపించాలన్నది మా కోరిక కాదు.

గది కొలత పది అడుగులు, పన్నెండు అడుగులు. అందులోనే బుధవారం కూడిక. అందులోనే పెళ్లి మాటలు, పంచాయితీలు, రాత్రిపూట ఏడుస్తూ వచ్చినవాళ్ల కోసం ప్రార్థన. ఇరవై మంది కూర్చుంటే సగం మంది వీపులు గోడకే ఆనుతాయి. పాత సున్నం గోడ మీద నేల నుంచి రెండున్నర, మూడు అడుగుల ఎత్తున గది చుట్టూ ఒక నూనె చార ఉండేది. అది మీ తలల గుర్తు. మాకు ఆ చార ఎన్నడూ ఎబ్బెట్టుగా అనిపించలేదు. అయితే పోయిన ఏడు ఒక చెల్లెమ్మ భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెల్లవారే దాకా ఆ గదిలోనే ఉంది. అమ్మగారు ఎంత చెప్పినా గోడకు ఆనలేదు. “గోడ ఖరాబైతది అమ్మగారూ” అంటూ రాత్రంతా నిటారుగా కూర్చుంది. అంత బాధలో ఉన్న మనిషికి మా గోడ గురించి చింత ఎందుకుండాలి?

ముదురు ఆకుపచ్చ అక్కడ పుట్టింది. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా నాలుగు గోడలకూ ఆకుపచ్చ, దాని పైన సీలింగు దాకా లేత బూడిద రంగు. కొత్త ఫ్యాషనేమీ కాదు. పాత బడుల్లో, రైల్వే స్టేషన్లలో, ఆసుపత్రి వరండాల్లో కింద ముదురు, పైన లేత రంగు వేసేది ఇందుకే. పదిమంది ఆనుకునే గోడ అది.

నేల సంగతి ఇంకొంచెం కష్టమైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు తమ్ముడొకరు తెల్లటి మెరిసే టైల్స్ తన ఖర్చుతో వేయిస్తానన్నాడు. మనసున్న మనిషి. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాం. వద్దని చెప్పడానికి మాకు వారం పట్టింది.

మన సంఘంలో బండల గనులకు, పాలిష్ మిషన్ల మీదికి పోయేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. పని నుంచి నేరుగా కూడికకు వస్తే కాళ్లనిండా బూడిద రంగు బురద ఎండి ఉంటుంది. వాళ్లు గడప దగ్గరే ఆగిపోతారు. “ఈడనే కూసుంటం అయ్యగారూ” అంటారు. వాళ్ల తాతలను ఈ ఊళ్లలో ఎన్ని ఇళ్ల గడపలు ఆపాయో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పాస్టరు ఇంటి నేల కూడా వాళ్లను అక్కడే ఆపితే ఇక సువార్త ఏం చెప్పాలి? తెల్ల టైల్స్ మీద ప్రతి అడుగూ అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. తాండూరు బండ మీద ఆ దుమ్ము కనిపించదు. ఎందుకంటే ఆ దుమ్ము ఆ బండదే.

ఇదే తమ్ముడితో చెప్పాం. కొంచెం నొచ్చుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, “మా నాయిన ఇరవై ఏండ్లు ఆ బండలే కోసిండు అయ్యగారూ. మా ఇంట్ల అవి కనబడొద్దనే నేను టైల్స్ ఏయించిన” అన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. బండల డబ్బులు మాత్రం ఆయనే పంపాడు.

రెండడుగుల బండలు ముప్పై పట్టాయి, విరిగేవాటికి మరో మూడు. మన నాపరాయి సున్నపురాయే. అది పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టే పలకలుగా విడుతుంది. కరన్‌కోట్‌లోని సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉన్నదీ ఈ సున్నపురాయి కోసమే. అంటే నేల మీది బండా, దాని కింది సిమెంటూ దగ్గరి చుట్టాలే. అక్కచెల్లెళ్లకు ఒక మాట: ఈ బండ మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవండి. పులుపు సున్నపురాయిని తినేస్తుంది, తెల్ల మచ్చ మిగులుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ అసలే వద్దు. మామూలు నీళ్లు చాలు.

రంగు కంటే ముందు చెమ్మ పని పట్టాల్సి వచ్చింది. ఉత్తరం గోడ ప్రతి వానాకాలం ఉబ్బేది. లేవీయకాండము 14వ అధ్యాయం మనం కూడికల్లో చదవకుండా దాటేసేవాటిలో ఒకటి. అందులో ఇంటి గోడకు పచ్చగానో ఎర్రగానో చారలు వస్తే యాజకుడు వచ్చి చూడాలని ఉంది. సెమినరీలో చదివినప్పుడు ఇది మాకు వింతగా తోచింది. గోడల తనిఖీ కూడా సేవకుడి పనేనా అని. ఇప్పుడు చదివితే ఆగేది వేరే చోట. యాజకుడు రాకముందే ఇంట్లో సామాను బయట పెట్టించాలి. లేకపోతే ఆ ఇంటితోపాటు అదంతా అపవిత్రమవుతుంది. పేదవాడి మంచం, కుండ పోకూడదని తీర్పు చెప్పేవాడే తొందరపడతాడు. తర్వాత ఏడు రోజులు ఇల్లు మూసి చూడాలి. చారలు పాకితే రాళ్లు తీసి, గోడ గీకి, కొత్త పూత వేయాలి. చారల మీదే రంగు వేసి కప్పమని లేదు.

మేము కూడా గీకించాం. మేస్త్రీ ఒక్క వారం చాలన్నాడు, నెల ఆరబెట్టాం. ముదురు రంగుతో ఇంకో చిక్కుంది. లోపల చెమ్మ మిగిలితే పైకి తేలే ఉప్పు, మనవాళ్లు చౌడు అంటారు, తెల్ల గోడ మీద కనిపించదు. ఆకుపచ్చ మీద ముగ్గు చల్లినట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చకూ చెమ్మకూ పాత వైరం కూడా ఉంది. 1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు పాషాణంతో ఒక అందమైన ఆకుపచ్చ తయారు చేశాడు. యూరప్ ఇళ్ల గోడలకు అంటించే కాగితాల్లో ఆ రంగు వాడారు. చెమ్మ గదుల్లో దానికి బూజు పట్టి విషవాయువు వచ్చేదని తర్వాత తేలింది. ఇప్పటి రంగుల్లో ఆ పాషాణం లేదు, భయపడకండి.

రంగు ఎంచడానికి తాండూరు దుకాణంలో చిన్న డబ్బా కలిపించి, గోడ మీద రెండు జానల మేర పూసి మూడు రోజులు చూశాం. పగలు కందిచేను రంగు. తెల్లని ట్యూబ్‌లైట్ కింద నలుపు. పెద్దమ్మ చూసిన గుహ అదే. పసుపుపచ్చ వెలుగునిచ్చే బల్బు పెట్టాక మళ్లీ ఆకు రంగు వచ్చింది. రంగు మార్చాలనుకునేవాళ్లు ముందు బల్బు మార్చి చూడండి. మెరిసే ఎనామిల్ కాకుండా, తడిగుడ్డతో తుడవగలిగే ఎమల్షన్ తీసుకున్నాం. మూడు లీటర్ల లోపే సరిపోయింది.

ఒక సంఘ పెద్ద, “పచ్చ రంగు వాళ్లది గదా” అన్నారు. కాషాయం ఒకరిది, నీలం ఒకరిది, గులాబీ ఒక పార్టీది అనుకుంటూ పోతే మనకు గోడే మిగలదు. 2020లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు తీసేయమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన తాండూరు కంది ఏ రంగులో పెరుగుతుందో చూడండని ఆయనతో అన్నాం. ఇంకొకరు 23వ కీర్తన పచ్చిక అన్నారు. సంతోషమే. కానీ మేము వేసింది తల నూనె కోసం.

నవంబరులో ధారూరు మెథడిస్ట్ జాతరకు వచ్చే చుట్టాలు ఈసారి ఈ గదిలోనే పడుకుంటారు, చాపలు మీవి మీరు తెచ్చుకోండి. బుధవారం కూడిక మామూలుగానే ఏడు గంటలకు. క్రిస్మస్‌కు నక్షత్రాలు కట్టే పిల్లలకు ముందే చెబుతున్నాం. ఆకుపచ్చ మీద టేపు అంటించొద్దు, రంగు ఊడి వస్తుంది. పై అంచున మేకులు కొట్టించాం, దారం కట్టుకోండి.